ఎలీసమ్మ వంతు

పక్క చేలో మిరపకాయలు కోస్తూ అంకమ్మ తోటి కూలోళ్లతో అందట: "ఆ ఎనిమిదిళ్లోళ్లకి పప్పులో ఉప్పెంతెయ్యాలన్నా మీటింగేనంట. ఇప్పుడు ఎలీసమ్మని ఆశ్రమానికి పంపడానిక్కూడా పెడుతున్నారు. దానికీ ముందు ప్రార్థన చేస్తారంట, చూడండే." సాయంత్రానికి ఆ మాట ఆ ఇళ్లలోనే ఉండే రెబ్కా చెవిన పడింది. ఇంకో రోజైతే గట్టు మీద నిలబడి అంకమ్మకి నాలుగు వడ్డించేదే. ఆ రోజు మాత్రం చెంగుతో మొహం తుడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. అంకమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు.

సత్తెనపల్లికి ఇవతల ఎనిమిది కుటుంబాలు కలిసి నేల కొనుక్కుని కట్టుకున్న ఇళ్లవి. ఎవరి పడకగది వాళ్లది. వంటగది, బోరు, మిరపకాయలు ఆరబోసే కల్లం మాత్రం అందరివీ. రిటైరైన జయరావు మాష్టారు పెద్దదిక్కే గానీ, ఆయనన్నదే శాసనమని లేదు. ఏ సంగతి తేల్చుకోవాలన్నా కల్లం పక్కన రేకుల షెడ్డులో గుండ్రంగా కూర్చుంటారు. వయసులో చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ 'ఊ' అనాలి. పెద్దవాళ్లు ముందంటే చిన్నవాళ్లు నోరు మెదపరని ఆ ఏర్పాటు. ఎవరి సంగతి తేలుస్తున్నారో వాళ్లని కూడా అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆ పని ఆగిపోతుంది. అయితే ఊరికే వద్దంటే చెల్లదు, వద్దన్నవాళ్లే ఆ బరువు ఎత్తుకోవాలి. మురుక్కాలవ తీయడానికి మనిషిని పెడదామంటే ఏసుబాబు దండగ ఖర్చని వద్దన్నాడు. ఏడాది పొడుగునా లుంగీ ఎగ్గట్టి కాలవ తనే తీసుకున్నాడు. అందరూ నవ్వారు గానీ, ఈ పద్ధతే మంచిదనుకున్నారు.

ఆ వంటగదిలో మొదటి రోజు పొయ్యి వెలిగించింది ఎలీసమ్మే. అప్పటి నుంచి గరిటె ఆమెదే. రెండేళ్లుగా ఆమెకి మరుపొచ్చింది. మొదట ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత మనుషుల్ని మర్చిపోసాగింది. ఎప్పుడో పోయిన భర్త ఏసోబు పత్తి లారీ మీద వస్తున్నాడని రోడ్డెక్కి నిలబడేది. కూతురు షారోన్‌కి చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు పని, మొగుడు వదిలేశాక తల్లి దగ్గరే ఉంటోంది. వేరే దారి లేక తల్లిని లోపల పెట్టి బయట గొళ్లెం వేసి బస్సెక్కేది. ఎలీసమ్మ తలుపు బాదుతుంటే ఎవరో ఒకరు వెళ్లి తీసి, కాసేపు కూర్చోబెట్టుకునేవారు. కోతలు మొదలయ్యాక ఎవరికీ తీరిక లేకపోయింది. తలుపు చప్పుడు వింటూనే కాయలు ఏరుకునేవారు.

కిందటి వారం షారోన్ గొళ్లెం మర్చిపోయింది. ఎలీసమ్మ వంటగదిలోకి వెళ్లి, తాలింపుకి నూనె పెట్టి, అలాగే వదిలేసి రోడ్డు మీదకి పోయింది. నూనె అంటుకుంది. పక్కగదిలో ప్రభు కూతురు ఆరాధన నిద్రపోతోంది. ప్రభు పరుగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకుని బయటపడ్డాడు. పిల్లకేం కాలేదు. ప్రభుకే మోచేతి దాకా కాలింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ప్రార్థన చేసుకుని కూర్చున్నారు. గుంటూరు అవతల ఉన్న వృద్ధుల ఆశ్రమం సంగతి మాష్టారు చెప్పారు. ఎలీసమ్మ తెల్లచీర కట్టుకుని కూతురి పక్కనే కూర్చుంది. వస్తూ వస్తూ అందర్నీ పేరు పెట్టి పలకరించింది. ఆ రోజు ఆమెకి అన్నీ గుర్తున్నాయి. ఎవరూ ఆమె వైపు తిన్నగా చూడలేకపోయారు.

మొదట ప్రభు వంతు. చేతికట్టు వైపు చూసుకున్నాడు. "పెద్దమ్మ చేతి అన్నం తినే పెరిగానండీ. కోపముండి కాదు. పిల్లని పడుకోబెట్టాలంటే భయమేస్తంది. ఊ."

"షారోన్," అన్నారు మాష్టారు.

"నన్ను చివర్లో అడగండి మాష్టారూ."

"వరస తప్పితే ఎట్టాగమ్మా."

షారోన్ రెబ్కా వైపు చూసింది. రెబ్కా ఎలీసమ్మకి వరసకి ఆడపడుచు, ప్రాణం పెట్టే మనిషి. అత్త ఎలాగూ వద్దంటుంది, అప్పుడు ఇద్దరం కలిసి ఎలాగోలా చూసుకోవచ్చు, తనొక్కతే వద్దంటే మాత్రం మిల్లు మానుకోవాల్సిందే. ఈ లెక్కంతా ఆమె మొహంలోనే కనపడింది. తల దించుకుని, "ఊ" అంది.

మధ్యలో వాళ్లంతా ఊ అన్నారు. కొందరు గట్టిగా, కొందరు గొంతులోనే. ఏసుబాబు అయితే తలూపి ఊరుకున్నాడు.

"నోటితో చెప్పవయ్యా," అన్నారు మాష్టారు.

"ఊ. ఎన్నిసార్లు చెప్పిస్తారు?"

రెబ్కా వంతు వచ్చింది. షారోన్ తలెత్తి చూసింది. రెబ్కా చెంబెత్తి నీళ్లు తాగి, నింపాదిగా కింద పెట్టింది.

"వద్దందామనే వచ్చాను. కడుపున పుట్టిందే ఊ అంది. మధ్యలో నేనెవర్ని?" అంది. "ఊ."

"నువ్వు వద్దంటావనే కదత్తా నేను..." షారోన్ ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

రెబ్కా నోరు తెరిచి మాష్టారి వైపు చూసింది. అన్న మాట వెనక్కి తీసుకునే పద్ధతి వాళ్లు పెట్టుకోలేదు. ఆ అవసరం వస్తుందని ఎవరికీ తోచలేదు. మాష్టారు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"నాదీ ఊ," అన్నారు.

ఇక మిగిలింది ఎలీసమ్మ. అందరికన్నా పెద్దది. ఆమె కూతురి జబ్బ మీద చెయ్యి వేసి నిమురుతోంది. షారోన్ ఏడుస్తోంది, చప్పుడు మాత్రం రావడం లేదు.

"ఎలీసమ్మా," మాష్టారు మెల్లగా అన్నారు. "నువ్వు కూడా చెబితేనే నిర్ణయం. నీకిష్టం లేకుండా ఎవరం పంపం. అక్కడ డాక్టరు ఉంటాడు, వేళకి తిండి పెడతారు. నెలనెలా వంతులేసుకుని వచ్చి చూస్తాం. ఏమంటావు?"

ఎలీసమ్మ గుండ్రంగా కూర్చున్న అందరినీ ఒక చుట్టు చూసింది.

"పంపేది మీరు. పోయేది నేను. ఊ అనేది కూడా నేనే అయితే మీకు నిద్ర పడుతుంది. అంతేనా మాష్టారూ?"