మియా చెయ్యెత్తితే

అయినా తను అబద్ధం ఎప్పుడు చెప్పాడు? నోరు తెరిచి ఒక్క మాటా అనలేదే. గాలి లేచింది, చెయ్యెత్తాడు, ఫౌంటెన్ ఆగింది. చెయ్యెత్తడం అబద్ధం ఎట్లా అవుతుందని చోటే మియా గద్వాల పార్కు గేటు దగ్గర దిమ్మె మీద కూచుని తనను తానే దబాయించుకుంటున్నాడు.

పదహారేళ్లు ఆ ఫౌంటెన్ వాల్వు తిప్పింది అతనే. గోడ అవతల వీధిలో నేతవాళ్లు చీరల పడుగు దారాలు పరిచిన పొద్దు, గాలి వాటం చూసి నీళ్లు కట్టేసేవాడు. గంజి పెడుతున్న దారాల మీద తుంపర పడితే ఒకదానికొకటి అంటుకుపోతాయి. చీరలు పాడు, పని పాడు. పోయినేడు కంట్రోల్ పెట్టె వచ్చింది. వేళకు అదే నీళ్లు వదులుతుంది. గాలి ఎక్కువైతే, స్తంభం మీద గాలికి గిర్రున తిరిగే గిన్నెలను బట్టి తెలుసుకుని అదే ఆపేస్తుంది. పెట్టెకు తాళం, తాళంచెవి హైదరాబాదు కాంట్రాక్టరు దగ్గర. మియాకు మిగిలింది గేటు కాపలా.

ఆ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి నేతవాళ్ల విజయమ్మ గాలి లేచిందని గోడ మీది నుంచి కేకేసినప్పుడు ఊరికే చెయ్యెత్తాడు. కాసేపటికి నీళ్లు ఆగిపోయాయి. "నువ్వుండంగ మాకేం ఫికర్ లేదన్నా" అంది ఆమె. ఆ మాట అతని లోపల ఎక్కడో పీట వేసుకుని కూచుంది. అప్పటినుంచి గిన్నెల వేగాన్ని ఓరకంట చూస్తూ, సరిగ్గా వేళకు చెయ్యెత్తడం నేర్చుకున్నాడు. వాల్వు తిప్పిన రోజుల్లో కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

నిన్న మున్సిపాలిటీ ఇంజనీరు శేఖర్ ఆ గిన్నెలను రిపేరుకని విప్పించి తీసుకుపోయాడు. "మూడు దినాలు టైమర్ మీదనే నడుస్తది మియా. నువ్వేం ముట్టకు" అన్నాడు. ముట్టడానికి ఏముందని.

పొద్దున ఆరూ నలభై అయింది. ఏడింటికి నీళ్లు లేస్తాయి, ఇవ్వాళ గాలికి ఆగవు. ఆషాఢపు పడమటి గాలి పార్కు మీదుగా నేరుగా వీధిలోకి వీస్తోంది. అక్కడ పడుగు బారుగా పరిచి ఉంది.

"మియా భాయ్, గాలున్నది! జర చెయ్యెత్తు!" గంజి కుంచె ఊపుతూ అరిచాడు విజయమ్మ భర్త మల్లేశం.

"ఆయనకు నువ్వు చెప్పాల్నా ఏంది? గాలి గూడ ఆయనకు సలాం కొట్టి వస్తది" అంది విజయమ్మ.

ఇద్దరూ నవ్వారు. ఇవ్వాళ మిషన్ చెడిందంటే సరిపోతుంది అనుకున్నాడు మియా. సగం నిజమే. పడుగు దక్కుతుంది, పరువూ దక్కుతుంది. రెండ్రోజులైతే గిన్నెలు వస్తాయి, మళ్లీ చెయ్యెత్తవచ్చు. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్లు. ప్రతిసారీ గిన్నెల వంకే చూస్తూ, ఒక యంత్రం కంటే అర నిమిషం ముందు. ఆ లెక్కకు అతనికి ఒక్కసారిగా అలసట కలిగింది.

లేచి, గేటు దాటి వీధిలోకి వచ్చాడు.

"ఏంది మియా, దుకాణం బంద్ పెట్టినవా?" అన్నాడు మల్లేశం.

"ఏడింటికి నీళ్లొస్తయి. నేను ఆపలేను. ఏడాది సంది నేను ఆపుతనే లేను."

విజయమ్మ చేతిలో కుంచె నిలిచిపోయింది. "మరి చెయ్యెత్తుతుంటివి గద?"

"ఉత్తగనే."

ఆమె మొహం వంక చూడకుండా వంగి, పడుగును తుంపర పడని చోటికి జరపడానికి, దాని చివరనున్న వెదురు కర్రను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.