ముందు పిండి జల్లించాలి

శనివారం పొద్దున కాఫీ తాగుతూ మార్లిస్ మొగుడి వంక చూసింది. వెండెల్ భోజనాల బల్ల నిండా కేటలాగులు పరిచి, ఆరు బర్నర్ల స్టవ్ బొమ్మ చుట్టూ పెన్నుతో మూడోసారి సున్నా చుడుతున్నాడు. గుడ్డు ఉడకడానికి ఎన్ని నీళ్ళు పోయాలో తెలియని మనిషి. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆ వంటింట్లో అతను చేసిన ఘనకార్యం బ్రెడ్డు మాడ్చడం ఒక్కటే. అదీ రెండుసార్లు.

"ఇది వెనక గోడకి పెట్టిద్దాం," అన్నాడు. "ఆ వెనక తలుపు తీసేసి గోడ కట్టేస్తే సరిగ్గా పడుతుంది."

"ఆరు పొయ్యిల మీద ఏం వండుతావేంటి?"

"నువ్వు వండుతావుగా."

మార్లిస్ కప్పులోకి చూసి నవ్వింది. ఆ నవ్వు అతనికి అలవాటే. మార్లిస్ స్కూలు బస్సు నడుపుతుంది కాబట్టి వెనక సీట్లలో వెధవ వేషాలు అద్దంలో పసిగట్టడం ఆమెకి వచ్చు. ఇంట్లో వాటికి అద్దం కూడా అక్కర్లేదు.

పదింటికి రెనాటా వచ్చింది. షెబాయ్‌గన్ ఊళ్ళో సగం వంటిళ్ళకి ప్లాను గీసింది ఆవిడే. వెండెల్ కేటలాగులు ముందుకి తోస్తే, ఆవిడ వాటిని మూసి కుర్చీలో పెట్టింది.

"ఇవి ఆఖర్న చూద్దాం సార్. ముందు మీరు వంటింట్లో ఎలా మసలుతారో తెలియాలి. మైదా ఉందా మేడమ్?"

మార్లిస్ డబ్బా, జల్లెడ తెచ్చింది. ఊళ్ళో అందరూ చేసేదే. నేల మీద పలచగా జల్లిస్తే ఇన్నాళ్ళూ అక్కడ తిరిగిన అడుగులన్నీ పైకి తేలతాయి. ఎక్కువ తొక్కినచోట లోతుగా, తక్కువ తొక్కినచోట లేతగా. ఎదురింటివాళ్ళు పాలరాతి గట్టు వేయించే ముందు జల్లిస్తే వాళ్ళ పిల్లి అడుగులు తప్ప ఏమీ రాలేదు. అయినా వేయించారు.

రెనాటా వెనక తలుపు దగ్గర మొదలుపెట్టి జల్లించుకుంటూ వెనక్కి నడిచి భోజనాల గది గుమ్మం బయటికి వచ్చింది. ముగ్గురూ అక్కడే నిలబడి చూశారు.

వెండెల్ అడుగులు గుమ్మం నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ నుంచి గుమ్మం దాకా. ఒకటే దారి, కాలిబాటలా. మిగతా గదంతా మార్లిస్ అడుగులు, చిక్కుపడ్డ ఊలు ఉండలా.

"సింకు నుంచి స్టవ్‌కి ఏడడుగులు," అంది రెనాటా రాసుకుంటూ. "నిండు గిన్నె మోసుకుంటూ. చెత్తబుట్టేమో ఆ కొసన. ఈ గది కట్టినవాడు ఎన్నడూ వంట చేసి ఉండడు."

"ఉంటున్నవాడూ చెయ్యలేదు," అంది మార్లిస్.

రెనాటా పెన్సిల్ ఆగింది. వెనక తలుపు ముందు ఒక జత అడుగులు, వేళ్ళు తలుపు వైపు. గదిలో అన్నిటికన్నా లోతైనవి అవే.

"రోజూ దాటే తలుపైనా ఊరికే దాటితే ఇంత లోతు రాదు మేడమ్. చాలాసేపు నిలబడితేనే వస్తుంది. చాలాసార్లు."

ఆ అడుగులు మార్లిస్‌వే. ఎన్నోసార్లు కోటు వేసుకుని, కారు తాళాలు పట్టుకుని, ఒకోసారి చేతిసంచితో కూడా అక్కడ నిలబడింది. ప్రతిసారీ వెనక్కి వచ్చి బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టింది. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంది.

"ఇవి సార్‌వి," అంది రెనాటా కిందికి చూస్తూ.

గుమ్మం లోపల, వాళ్ళ కాళ్ళ ముందే, ఇంకో జత. అంతే లోతు. వేళ్ళు వెనక తలుపు వైపే.

"నీకు తెలుసా?" అంది మార్లిస్.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీ అమ్మ చనిపోయిన ఏడాది నుంచి."

"పన్నెండేళ్ళు. నా వెనక నిలబడి చూశావు."

వెండెల్ కుర్చీలోని కేటలాగుల వంక చూశాడు. "అందుకేగా స్టవ్ అక్కడ పెట్టిద్దామన్నాను."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది. ఉండిపో అని ఒక్క మాట అనలేక, ఆరు బర్నర్లు పెట్టి దారి మూసేద్దామనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏదీ కళ్ళకి ఆనని మనిషని ఏవగించుకుంది. అన్నీ చూశాడని ఇప్పుడు తెలిసింది.

"సరే, ఇప్పుడు చెప్పు. రెనాటా విన్నా ఫర్వాలేదు."

వెండెల్ నోరు తెరిచాడు. మార్లిస్ నిజంగానే ఎదురుచూసింది.

"గ్యాసు పైపు కూడా ఆ గోడలోంచే వస్తుంది మార్లిస్," అన్నాడు.

ఆమె తలూపింది. కొక్కేనికున్న కోటు తీసుకుని, పిండి తొక్కుకుంటూ గది దాటింది. తలుపు దగ్గర ఆగలేదు. అది వెనకే మూసుకుంటుంటే రెనాటా గొంతు వినిపించింది: "తలుపు ఉంచమంటారా సార్, తీసెయ్యమంటారా?"

మార్లిస్ కారెక్కి, సింకు పైన కిటికీ వైపు చూసింది. లోపల వెండెల్ ఒక్కో అలమారా తెరిచి మూస్తున్నాడు. సింకు కింద చూశాడు, ఫ్రిజ్ పక్కన చూశాడు. కాసేపటికి ఆమెకి అర్థమైంది. చీపురు కోసం వెతుకుతున్నాడు.

ఎక్కడుందో చెప్పాలనిపించలేదు. కారు స్టార్ట్ చేసింది.