గేటు పక్క గాలి కుళాయి

బస్సుల డిపోలో ముప్ఫై నాలుగేళ్లు గాలి బ్రేకుల లైన్లు చూసిన మనిషి కాబట్టి ఆయన్ని అందరూ గాలి మేస్త్రి అనేవాళ్లు. ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయినా ఆ పేరు మాత్రం రిటైరవలేదు. మనిషి పొట్టి, మాట గట్టి, కోపం ముక్కు మీదే కూర్చుని ఉంటుంది. పనిలో తప్పుందని ఎవరన్నా అంటే ఒప్పుకోడు, ముందు కొలత చూపించమంటాడు.

ఆయనకి పెరట్లో ఒక షెడ్డు, షెడ్డులో ఒక పాత కంప్రెసర్ ఉన్నాయి. కోడలిది ఉత్తరాలూ పార్సిళ్లూ పంచే ఉద్యోగం. సంచుల బరువుకి ఆమె బండి టైర్లు రెండు రోజులకోసారి మెత్తబడతాయి. పొద్దున్నే నాలుగు వీధుల అవతలికి తోసుకెళ్లి, గాలి కోసం వరసలో నిలబడి, ఆలస్యంగా వెళ్లి ఆఫీసులో మాటలు పడుతుంది. ఇంట్లోనే గాలి కొట్టుకుందామంటే, పక్కసందు ఇరుకు. బండి పెరట్లోకి పట్టదు.

"బండి గాలి దగ్గరికి రాకపోతే గాలినే బండి దగ్గరికి పంపిద్దాం" అన్నాడు మేస్త్రి ఒకరోజు భోజనాల దగ్గర. "సందు గోడ వెంట పైపు లాగి, గేటు పక్కన కుళాయి పెడతాను."

కొడుకు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాడు. ఏ పుస్తకం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు గాని, మేకు కొట్టమంటే గోడ వంక భయంగా చూస్తాడు. "నాన్నా, అది ఒత్తిడున్న లైను. చిన్న తేడా వచ్చినా ప్రమాదమే. గాలి మిషన్లు బిగించే కంపెనీ వాళ్లని పిలుద్దాం" అన్నాడు.

పిలుద్దాం, వద్దు అని వారం రోజులు నలిగాక తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి, గాలి నింపి మూసిన లైను మూడు గంటలపాటు గేజిలో ముల్లు కదలకుండా నిలబడి ఉండాలి. నిలబడితే కుళాయి మేస్త్రిది. నిలబడకపోతే సోమవారం కంపెనీ వాళ్లొచ్చి తమ మిషను బిగిస్తారు. కంప్రెసర్ పోతుంది, షెడ్డు ఖాళీ అవుతుంది, మేస్త్రి ఇక పానా పట్టుకోకూడదు. ఆ చివరి షరతు దగ్గర కొడుకు గొంతు తగ్గింది కానీ మాట మాత్రం మార్చలేదు.

"సరే" అన్నాడు మేస్త్రి. అన్నంత తేలిగ్గా ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం చెవులు. ఏడాదిగా సన్నటి శబ్దాలన్నీ ఒకటొకటిగా ఆయన్ని వదిలి వెళ్లిపోతున్నాయి. ఒకప్పుడు డిపోలో ఆయన చెవికున్న పేరు చేతికి కూడా లేదు. ఇంజను ఆపేసిన బస్సు కింద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, "ఎడమవైపు మూడో జాయింటు" అనేవాడు. మూడో జాయింటే కారుతూ ఉండేది. మిగతావాళ్లు సబ్బు నురగ పూసి బుడగలు వెతుక్కుంటుంటే, "ఏంట్రా, బస్సుకి స్నానం చేయిస్తున్నారా? పౌడరు కూడా రాయండి" అని ఏడిపించేవాడు. అలాంటి మనిషికి చెవులు పోతున్నాయని తెలిస్తే ఇంట్లో ఇక ఎవరు నమ్ముతారు? అందుకే ఆ సంగతి మూడో కంటికి తెలియనివ్వలేదు. తెలియనివ్వలేదనే ఆయన ధీమా.

ఇంట్లోవాళ్ల గొంతులు మాత్రం ఈమధ్య ఎందుకో లేచాయి. భార్య అయితే, ఉప్పు సరిపోయిందా అని పక్కింటికి వినబడేలా అడుగుతోంది. వయసు మీద పడితే ఆడవాళ్లు కాస్త మోటుబడతారు కాబోలు అనుకుని, పెద్దమనసుతో సర్దుకుపోయేవాడు.

పని మాత్రం అద్దంలా చేశాడు. షెడ్డు నుంచి గేటు దాకా పైపుని జానెడు కూడా వేలాడనివ్వకుండా క్లాంపులతో గోడకి బిగించాడు. నొక్కిన గాలిలో నీరు చేరుతుంది కాబట్టి, ఆ నీరు తనంతట తనే చివరికి జారేలా పైపుకి వాలు పెట్టాడు. చివర నీరు వదిలే చిన్న కుళాయి, దానికి పైన పక్కకి తీసిన గాలి కుళాయి, దాని పక్కన గేజి, వాన పడకుండా వాటి నెత్తిన ఒక రేకు. శనివారం సాయంత్రానికి చూడముచ్చటగా తయారైంది.

ఆదివారం పొద్దున తొమ్మిదికి గాలి నింపాడు. ముల్లు ఎనిమిది మీద నిలిచింది. షెడ్డులో వాల్వు మూసేశాడు. పదకొండుకి వచ్చి చూస్తే ఏడున్నర.

"వేడి గాలి చల్లబడితే కాస్త దిగుతుంది" అన్నాడు మేస్త్రి, కొడుకు అడగకముందే. అది నిజమే. మళ్లీ ఎనిమిదికి నింపాడు. ఒంటిగంటకి ఏడు. ఈసారి వేడి మీద నెట్టేయడానికి ఆయనకే నోరు రాలేదు.

నిచ్చెన వేసుకుని ఒక్కొక్క జాయింటుకీ చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఊపిరి బిగపట్టాడు. పదకొండు జాయింట్లుంటే పదకొండూ నోరు మూసుకునే ఉన్నాయి. సబ్బు గిన్నె తెచ్చుకుంటే ఐదు నిమిషాల పని. కానీ కిటికీ దగ్గర కొడుకు కూర్చుని ఉన్నాడు. జన్మంతా నవ్విన నురగని ఇప్పుడు తన చేత్తో పట్టుకుని, కొడుకు ముందు నిలబడటమా? ప్రాణం పోయినా ఆ పని చేయలేననిపించింది. సందు చివర బకెట్ బోర్లించి దానిమీద కూలబడ్డాడు.

అప్పుడే భార్య తడిబట్టల బుట్టతో సందులోకి వచ్చింది. గోడమీద పైపు రెండోసారి వంపు తిరిగే చోటికి రాగానే ఆమె తల టక్కున అటు తిరిగింది. మరుక్షణం దించేసుకుని, ఏమీ ఎరగనట్టు గబగబా వెళ్లిపోయింది. బల్లి కనబడిందేమో అనుకున్నాడు.

కాసేపటికి కోడలు గ్లాసుతో వచ్చింది. సరిగ్గా ఆ వంపు దగ్గరే ఆమె నడక మందగించింది. పైకి చూసింది, పెదవి కొరుక్కుంది, ఆ తర్వాత సందు దద్దరిల్లేలా "మామయ్యా, మంచినీళ్లు" అంది.

ఆయన గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. అక్కడ బల్లి లేదు.

"ఒరేయ్, షెడ్డులో కొలత టేపుంది, పట్రా" అని కొడుకుని కేకేశాడు. కొలవడానికేమీ లేదు. కొడుకు టేపు పట్టుకుని వచ్చాడు. రెండో వంపు దగ్గర వాడి తల కూడా గోడవైపు తిరిగింది. గుటక మింగి, టేపు చేతికిచ్చి, తండ్రి కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయాడు.

ముగ్గురు మనుషులు, ఒకే చోటు. వాళ్లకి వినబడుతోంది.

లీకు దొరికిందన్న సంతోషం కడుపులోకి దిగేలోపే రెండో సంగతి తగిలింది. వినబడుతుంటే ఎందుకు చెప్పలేదు? చెబితే తనకి వినబడదని తేలిపోతుందని. అంటే వాళ్లకి ముందే తెలుసు. ఉప్పు గురించి వేసిన కేకలు, సందు దద్దరిల్లిన మంచినీళ్లు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సిగ్గుతో మొహం వేడెక్కింది. వెంటనే కోపం వచ్చింది. లేచి ముగ్గుర్నీ కడిగేద్దామనుకున్నాడు. లేచాడు కూడా. అంతలో కొడుకు మింగిన గుటక గుర్తొచ్చింది. 'నీకు వినబడదు, ఇక చాలు' అని ఒక్కమాట అంటే పందెం అక్కడే వాడిదయ్యేది. వాడు అనలేదు. తండ్రి పరువు కోసం నోరు కట్టేసుకుని కూర్చున్నాడు.

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వులోనే కళ్లు కూడా చెమర్చాయి. ఒక్కడు దాచుకున్న సంగతికి ముగ్గురు కాపలా కాశారు.

"ఇదిగో, ఇలా రా" అని భార్యని పిలిచాడు. "ఆ వంపు దగ్గర ఏం వినబడుతోంది?"

ఆమె నీళ్లు నమిలింది. "ఏముందండీ, ఏదో గాలి..."

"నాకు వినబడదు. ఏడాదైంది."

"ఏడాదిన్నర" అంది ఆమె మెల్లగా. ఆ మాట ఆయనకి పెదవుల మీద కనబడింది.

"సరే, ఏడాదిన్నర. పందెం తర్వాత, ముందు పని. ఎటువైపు మోత?"

ఆమె స్టూలెక్కి చెవి పెట్టింది. గోడవైపు, కింద అని వేలితో చూపించింది. మేస్త్రి పై పెదవి తడుపుకుని, మొహం ఆ వంపు చుట్టూ మెల్లగా తిప్పాడు. తడి పెదవి మీద దారమంత సన్నటి చలి తగిలింది. చెవి మోసం చేసిన చోట పెదవి నిజం చెప్పింది.

"దొరికావే" అన్నాడు.

లైనులో గాలి మొత్తం వదిలేసి వంపు విప్పాడు. తప్పు తనదే. ఆ మూలన గోడ అడ్డమొచ్చి, గాలి కారకుండా పైపు మర మీద చుట్టే తెల్ల టేపుని ఎడమచేత్తో చుట్టాడు. చుట్టు తిరగబడింది. బిగిస్తుంటే టేపు ముద్దయి బయటికి వచ్చేసింది. మర శుభ్రంగా తుడిచి, సరైన వైపు చుట్టి, పానాతో బిగించాడు. కోడలు నిచ్చెన పట్టుకుంది. మళ్లీ నింపి, చల్లారనిచ్చి, తగ్గినంత ఎక్కించి వాల్వు మూసేసరికి సరిగ్గా మూడయింది. ఇక చేయడానికేమీ మిగల్లేదు.

ఆ మూడు గంటల్లో మేస్త్రి ఒక్కసారి కూడా గేటు వైపు వెళ్లలేదు. షెడ్డులో పనిముట్లన్నీ తుడిచి పెట్టెలో సర్దాడు, అవి రేపు కూడా తనవే అయినట్టు. కొడుకే కాలుగాలిన పిల్లిలా ఐదుసార్లు గేటుకీ ఇంటికీ తిరిగాడు.

ఆరింటికి నలుగురూ రేకు ముందు నిలబడ్డారు. ముల్లు ఎనిమిది మీద ఉంది. ఏడూ ముప్పావు కాదు, ఎనిమిదికి వెంట్రుకవాసి ఇవతల కాదు, గీత మీద గీతలా ఉంది.

"ఎనిమిది నాన్నా" అన్నాడు కొడుకు. వినబడలేదేమోనని "ఎనిమిదీ" అని అరిచాడు.

"అరవకు. ముల్లు కనబడుతూనే ఉంది, కళ్లకేం రోగం?"

కొడుకు జేబులోంచి కంపెనీవాళ్ల కార్డు తీసి నాలుగు ముక్కలు చేశాడు. "షెడ్డు నీదే. కానీ రేపు నాతో చెవుల డాక్టరు దగ్గరికి రావాలి" అన్నాడు, ఈసారి తండ్రి మొహంలోకి చూస్తూ, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ. మేస్త్రి మీసం సర్దుకుని వస్తానన్నాడు. అంత సులువుగా ఒప్పుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

కోడలు బండి తెచ్చి గొట్టం తగిలించింది. ముందు టైరు, వెనక టైరు, రెండూ నిమిషంలో రాయిలా బిగిసిపోయాయి. ఆమె టైరుని బొటనవేలితో నొక్కి, మామగారి వైపు చూసి, ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

మేస్త్రి భార్యని సందులోకి తీసుకెళ్లాడు. స్టూలు మీద ఆమెని ఎక్కించి, తను నిచ్చెన మీద నిలబడ్డాడు. ఇద్దరూ రెండో వంపుకి అటొకరు ఇటొకరు చెవి ఆనించారు.

"ఏం వినబడుతోంది?"

ఆమె చాలాసేపు విన్నది. ఆయన కళ్లలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదండీ."

"నాకూ అంతే" అన్నాడు మేస్త్రి.