మూడు వెసక్ పువ్వులు

పనస చెట్టు మొదలుకి కొబ్బరి పీచుతో కట్టిన ఆ ఆర్కిడ్‌ని మా మామగారు ధర్మదాస ముప్పై ఏళ్ల కిందట తెచ్చారు. అడవి అంచున విరిగిపడిన ఒక కొమ్మ మీద దొరికిందట. సన్నటి కాడలు జడపాయల్లా కిందికి వేలాడతాయి. సరిగ్గా వైశాఖంలో బుద్ధుడు పుట్టిన వెసక్ పౌర్ణమికి లేత గులాబీ రంగులో పూస్తుంది కాబట్టి మా కలవాన ఊరి వైపు దాన్ని వెసక్ పువ్వనే అంటారు. వాననీళ్లు తప్ప మరొకటి పోయనిచ్చేవారు కాదు ఆయన. దానికి నీడ తగ్గుతుందని పనస కొమ్మ ఒక్కటీ కొట్టనిచ్చేవారు కాదు.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆ వెనకే మొక్కకి కుళ్లు పట్టింది. కాడలు ఒక్కొక్కటే నల్లబడి రాలిపోగా, మిగిలిన ఒకే ఒక్క కాడకి మూడు పువ్వులు విచ్చాయి.

"మూడూ విహారానికే," అన్నారు అత్తగారు. "ఆయన లేని మొదటి వెసక్. ఆ పుణ్యం ఆయనకి చేరాలి."

"ఈ ఏడు కోయొద్దమ్మా. కాయ కట్టించి చూస్తాను. ఈ కాడ కూడా పోతే ఇక మొక్కే లేదు."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా కాసిందా, దువా?" నన్ను కూతురనే పిలుస్తారావిడ.

"కాయనిస్తే కదా. పూసిన ప్రతి పువ్వూ కోసి బుద్ధుడి ముందు పెట్టాం."

కంచె అవతల బట్టలారేస్తున్న పక్కింటి కరుణావతి అక్క విని ఊరుకోలేదు. "చదువుకున్న కోడలంటే ఇదే మరి. బుద్ధుడి పువ్వులకి పెళ్లి చేస్తుందట. పెళ్లికి కొబ్బరి పాలన్నం వండుతున్నావా, లేక వచ్చినవాళ్లని ఉత్త చేతులతోనే పంపిస్తావా?"

"నువ్వు కొబ్బరికాయలు తెస్తే వండుతానక్కా."

అత్తగారు నవ్వలేదు. "ఒక్క పువ్వు చాలదా నీకు?"

"ఒకే మొక్క పువ్వులు ఒకదానితో ఒకటి కాయ కట్టడం కష్టం. మూడింటికీ పుప్పొడి అంటిస్తే ఒకటి నిలవొచ్చు. నిలవకపోవచ్చు కూడా. పుప్పొడి తగిలిన పువ్వు మర్నాటికే వాడిపోతుంది."

"అంటే ఆయన పేరున పెట్టడానికి ఒక్కటీ ఉండదు."

"ఉండదమ్మా."

పౌర్ణమి నాడు పొద్దున్నే ఆవిడ తెల్లచీర కట్టుకుని, పళ్లెం పట్టుకుని చెట్టు కిందికి వెళ్లారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చెయ్యి పువ్వు దాకా వెళ్లింది. అక్కడే చాలాసేపు ఆగింది.

"పుప్పొడి తియ్యడానికి అగ్గిపుల్ల కావాలన్నావుగా. తెచ్చుకో," అన్నారు వెనక్కి తిరక్కుండా.

పుల్ల కొన సన్నగా చెక్కి, పువ్వు మధ్యనున్న చిన్న మూత ఎత్తి, పసుపుపచ్చని పుప్పొడి ముద్దని తీసి పక్క పువ్వు గుంటలో అంటించాను. కాడ కదలకుండా ఆవిడే పట్టుకున్నారు. మూడూ అయ్యేదాకా ఊపిరి కూడా మెల్లగా తీశారు. తరవాత కరుణావతి అక్క తన దేవగన్నేరు కొమ్మని కంచె ఇవతలికి వంచి పట్టుకుంది. ఆ పువ్వులే విహారానికి వెళ్లాయి.

మర్నాడు సాయంత్రానికి మూడు పువ్వులూ తలలు వేలేశాయి. అత్తగారు చెట్టు కింద చాప పరిచి, దీపం పెట్టి, పువ్వులు సమర్పించేటప్పుడు చెప్పే మాటలు చెప్పారు. పువ్వు వాడినట్టే ఈ శరీరమూ వాడుతుందనే మాటలవి. ఏటా తాజా పువ్వుల ముందే చెప్పేవారు.

పదిరోజుల్లో రెండు రాలిపోయాయి. మూడోదాని మెడ పచ్చగా ఉబ్బింది.

నవంబరులో ఒకనాడు అత్తగారు అడిగారు, "గింజలెలా ఉంటాయి?"

"గింజల్లా ఉండవమ్మా, దుమ్ములా ఉంటాయి. కాయ పగిలితే గాలికి పోతాయి."

"ఎక్కడ చల్లాలి?"

"తల్లి వేళ్ల దగ్గరే. ఇంకెక్కడ చల్లినా మొలవడం కష్టం."

మర్నాడు చూస్తే కాయకి చిన్న తెల్లగుడ్డ సంచి తొడిగి ఉంది. పౌర్ణములకి మామగారు విహారానికి తొడుక్కునే చొక్కా గుడ్డ అది. కుట్లు దగ్గరగా చూశాను. దుమ్ము కూడా జారనంత దగ్గరగా వేశారు.