ఎన్ని రోజుల పని

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మర్నాటి పాఠం రాసుకుంటున్నాను. ఎడమ పక్కన కాయల గిన్నె, కుడి పక్కన ల్యాప్‌టాప్. "ఇంకా కాలేదా జెన్నీ? పది నిమిషాల పని" అన్నాడు మా ఆయన ప్రేమ్ కుమార్, పేపర్ లోంచి తలెత్తకుండా. "ఆఫీసుల కూసున్నట్టు ఇంట్ల గూడ కంప్యూటర్ ముందల కూసుంటే ఎట్లయితది" అంది అత్తమ్మ. మొయినాబాద్‌లోని ఈ కిరాయి ఇంట్లో తొమ్మిదేళ్లుగా నేను చేసే ప్రతి పనికీ కొలత వేరేవాళ్లే చెబుతున్నారు. బట్టలు ఆరేయడం ఐదు నిమిషాలు. పది మంది చుట్టాలకు వంట గంట. ఆయన ఆ పనులు ఏనాడూ చేసి ఎరగడు. అత్తమ్మ ఒకప్పుడు చేసింది, కానీ ఎంతసేపు పడుతోందని ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

పాఠం ఎజైల్ గురించి. మా కంపెనీలో కొత్తగా చేరిన ఆరుగురికి గంటసేపు పరిచయం చేయమన్నాడు మేనేజర్ పరమేష్. సాఫ్ట్‌వేర్‌ను ఏడాది పాటు తయారుచేసి ఒకేసారి అప్పజెప్పకుండా, రెండు వారాలకు కొంత చొప్పున చేసి, వాడేవాళ్లకు చూపించి, దిద్దుకుంటూ పోవడమే ఎజైల్. ఆ రెండు వారాలను స్ప్రింట్ అంటాం. స్ప్రింట్ మొదట్లో అందరం కూర్చుని ఒక్కో పనికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేస్తాం. ఒకరిని చూసి ఒకరు మార్చుకోకుండా, అంకెలున్న కార్డులు అందరూ ఒక్కసారే పైకెత్తాలి. ఎన్ని రోజులో చెప్పాల్సింది ఆ పని చేసే మనిషే. ఈ వాక్యం రాసి ఆగిపోయాను.

ఈ ఏడాది మార్చిలో ఒక పనికి నేను ఎనిమిది ఎత్తాను. మిగిలిన నలుగురూ మగవాళ్లు, అందరూ మూడే ఎత్తారు. "ఎనిమిదెందుకు జెన్నీ? పాత ప్రోగ్రాం కోడే గద. జర అడ్జస్ట్ చేసుకో" అన్నాడు పరమేష్ నవ్వుతూ. వాళ్లూ నవ్వారు. ఇంటి పనుల వల్లే ఎక్కువ రోజులు అడుగుతున్నానని అనుకుంటారేమోనన్న భయం ఒకటి నాకు ఎప్పుడూ ఉండేది. కార్డు దించి మూడు ఎత్తాను. పనికి ఎనిమిది రోజులే పట్టాయి. తక్కిన ఐదు రోజులు నేను ఎక్కణ్ణుంచి తెచ్చానో ఎవరూ అడగలేదు. రెండు ఆదివారాలు, చర్చికి కూడా పోకుండా. తక్కినదంతా తెల్లవారుజామున, వంటకు ముందు.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ ధనమ్మది శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు. నాన్న స్వామిదాసుతో కలిసి అక్కడే కూరగాయలు పండించేది. ముట్లు ఆగి పదేళ్లయ్యాక మళ్లీ రక్తం కనబడుతోందని గొంతు తగ్గించి చెప్పింది. "మీ బాపుకు ఎట్ల చెప్పాలె బిడ్డా. నువ్వొస్తే ఇద్దరం దవాఖానకు పోదాం."

"ఈ స్ప్రింట్ అయిపోంగనే వస్తనమ్మా."

స్ప్రింట్ అంటే ఏమిటో అమ్మకు తెలియదు. "సరే బిడ్డా, పని చెడగొట్టుకోకు" అంది.

ఆ స్ప్రింట్ అయింది. ఇంకొకటి మొదలైంది. తర్వాత అత్తమ్మ మోకాళ్ల నొప్పులు, ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్, మళ్లీ స్ప్రింట్. ప్రేమ్‌తో చెబితే, "మీ బాపు లేడా? పోయొస్తే ఒక్క రోజు పని" అన్నాడు. నిజమే, ఒక్క రోజు పనే. ఆఫీసులో ప్రతి పొద్దున టీమంతా నిలబడి పావుగంట మాట్లాడుకుంటాం. అడ్డంకులేమన్నా ఉన్నాయా అని అడుగుతారు. ఏమీ లేవని ప్రతి పొద్దునా చెప్పాను. ఆ ఒక్క రోజు నాకు జులైలో దొరికింది.

దవాఖానలో డాక్టరమ్మ అడిగింది, "ఎన్నాళ్ల నుంచి?"

అమ్మ ఆమె వైపు కాదు, నా వైపు చూసింది. "నెల అయితది మేడం."

నేను నోరు తెరిచాను. బల్ల కింద అమ్మ నా చెయ్యి నొక్కింది. క్యాన్సర్ బాగా ముదిరిందని పరీక్షల కాగితాలు వచ్చాక డాక్టరమ్మ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

మొదటి రోజు దవాఖాన నుంచి తిరిగి వచ్చేటప్పుడే శంకర్‌పల్లి బస్సులో అడిగాను, "అట్ల ఎందుకు చెప్పినవమ్మా?"

"నిన్ను తిడుతదేమో అని. సదువుకున్న బిడ్డవు, ఇన్నొద్దులు ఏం జేసినవ్ అంటది గద" అంది కిటికీ వైపు తిరిగి.

అక్టోబర్ చివర అమ్మ పోయింది. సమాధి దగ్గర నాన్న ఏడవలేదు. "ఒక్క మాట నాతోని అనలే" అన్నాడు, అంతే. పరమేష్ ఫోన్ చేసి సంతాపం చెప్పి, "మూడు రోజుల లీవు సరిపోతది గద జెన్నీ" అని మర్యాదగానే అడిగాడు. సరిపోతుందన్నాను. నాలుగో రోజు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచాను.

ఇదంతా అయ్యాక, ఆ ఆదివారం రాసుకున్న పాఠం సోమవారం చెప్పాను. అందరూ వెళ్లిపోయాక సమత అనే అమ్మాయి ఆగింది. పక్కనే ఉన్న చిన్న మంగళారం ఊరి పిల్ల, చేరి మూడు వారాలైంది.

"మేడం, మొన్న నేను గూడ మూడు ఎత్తిన. ఆరు రోజులు పడతది. అందరు మూడే ఎత్తిన్రని..." అని ఆగింది. "గురువారం మా అక్క కాన్పుకు దవాఖానల నేనే ఉండాలె. ఏం గాదు మేడం. తెల్లారంగ లేచి చేసుకుంట."

ఏం గాదు అన్నప్పుడు ఆ పిల్ల నవ్విన నవ్వు నాకు బాగా తెలుసు. ఆమెను అక్కడే కూర్చోబెట్టి పరమేష్ దగ్గరికి వెళ్లాను.

"సమత పనికి ఆరు రోజులు కావాలె."

"ఆమెనే మూడన్నది గద."

"భయానికి అన్నది."

పరమేష్ గడియారం చూసుకున్నాడు. "మరి మిగిలింది నువ్వు చూడు జెన్నీ. నీకైతే రెండు గంటల పని."

అలవాటుగా నా తల ఊగబోయింది. ఆపుకున్నాను.

"నేను చెయ్య. తేదీ జరపాలె."

ఈ ఆఫీసులో ఆ మాట అనడం అదే మొదలు. పరమేష్ కోప్పడలేదు. "సరే, క్లయింటుకు మెయిల్ పెడత" అన్నాడు. నా ముందే నాలుగు వాక్యాలు రాసి పంపాడు. సాయంత్రం నాలుగింటికల్లా జవాబు వచ్చింది: ఇబ్బందేమీ లేదు, మూడు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు.

సమతకు చూపిస్తే సంతోషంగా వాళ్ల అక్కకు ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తింది. నేను ఆ మెయిల్‌ను మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను. మార్చిలో నేను అడిగి ఉన్నా ఈ జవాబే వచ్చి ఉండేది.