కేకు కదలని కారు

పాత కారు కొనేవాళ్లు ఇంజను చప్పుడు వింటారు, టైర్లు నొక్కి చూస్తారు. కేకులావిడ మాత్రం వెనక సీటు మడిపించి, మూడంతస్తుల కేకు పెట్టించి, గతుకుల వీధిలో రెండు చుట్లు తిప్పించింది. దిగి చూస్తే ఒక్క క్రీము పువ్వు కూడా చెక్కుచెదరలేదు. దాంతో ఆ కారు మీద మనసు పారేసుకుంది.

భర్త ఉన్నన్నాళ్లూ ఆయన స్కూటరు నడిపితే, ఆమె వెనక కూర్చుని కేకు పెట్టెను ఒళ్లో పెట్టుకునేది. ఆయన పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి పెళ్లి కేకులు ఒప్పుకోవడం మానేసింది. ఈమధ్యే కారు నడపడం నేర్చుకుంది. ఆమెకు నేర్పిన, డ్రైవింగ్ స్కూలు నడిపే కుర్రాడే తన సొంత కారు అమ్ముతానన్నాడు. బేరం కుదిరిందో లేదో, ఆదివారం పెళ్లికి కేకు చేస్తానని మాట కూడా ఇచ్చేసింది.

గురువారం సాయంత్రం అతను తాళాలు పట్టుకుని వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర ఆమె ఆడపడుచు చక్కెర ముద్దతో గులాబీ రేకులు చేస్తోంది. ఆ అమ్మాయి ఓ లాయరు దగ్గర టైపిస్టు. ఆఫీసు అయ్యాక వదినకు చేతిసాయం చేయడానికి వస్తుంది.

"డబ్బిచ్చేస్తే ఈ పూటనుంచే కారు మీదేనక్కా," అన్నాడు కుర్రాడు. "కాస్త లోను మిగిలుంది. ఆ కిస్తీలు నేనే కట్టేసుకుంటాలెండి."

కేకులావిడ అప్పటికే బీరువా తలుపు తీసింది.

"ఆగు వదినా!" ఆడపడుచు రేకు వదిలేసి లేచింది. "లోనుందా?"

"మాటవరసకి చెప్పానండీ."

"అప్పిచ్చిన కంపెనీవాళ్లు మాటవరసకి రారు బాబూ. మీరు కట్టడం ఆపితే మా వాకిట్లోంచే కారు పట్టుకుపోతారు. మా వదిన డబ్బూ పోతుంది, బండీ పోతుంది. ఆ లోను తీరేదాకా బండి ఆవిడ పేరుకి మారనే మారదు. వాళ్లకి చెప్పకుండా అమ్మారని మీ మీదా కేసు పెడతారు."

"కావాలంటే కాగితం రాసిస్తాను."

"మీరూ మేమూ ఎంత రాసుకున్నా వాళ్లకేంటి?" వదిన వైపు తిరిగింది. "నువ్వైనా అడగొద్దూ?"

"క్రీము కదల్లేదే..." అంది కేకులావిడ. అనేశాక తనకే నవ్వొచ్చింది.

"వాళ్లూ క్రీము కదలకుండానే పట్టుకెళ్తారులే!"

బీరువాలో ఉన్నది భర్త పోయాక ఆయన పనిచేసిన చోటునుంచి వచ్చిన సొమ్ము. అది మళ్లీ రాదు. ఆదివారం మాత్రం ముంచుకొస్తోంది. ఆమె బీరువా తలుపు మెల్లగా మూసింది.

"నిజం చెప్పు తమ్ముడూ. కిస్తీలు సరిగ్గా కడుతున్నావా?"

అతను తాళాల వైపు చూశాడు. "రెండు తప్పాయక్కా. మీరిచ్చే డబ్బుతో ముందు స్కూలు అద్దె కట్టి, తర్వాత చూద్దామనుకున్నా. మిమ్మల్ని ముంచాలని కాదు."

"నువ్వు అనుకోకపోయినా మునిగేది నేనేగా. సరే, కారు వద్దనను. డబ్బు మాత్రం నీ చేతికివ్వను. రేపు ముగ్గురం ఆ కంపెనీకి వెళ్దాం. బాకీ ఎంతో వాళ్లనే చెప్పమందాం. అది నేరుగా వాళ్లకే కడతాను."

"వాళ్ల ఫోన్లు ఎత్తడం మానేశానక్కా. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న మొహంతోనే రా. మేం పక్కనుంటాం."

మర్నాడు కంపెనీ గుమాస్తా అతన్ని చూడగానే, "బతికే ఉన్నారన్నమాట!" అన్నాడు. కుర్రాడు తలవంచుకున్నాడు. కేకులావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, జరిమానాతో సహా బాకీ అంతా చెప్పించుకుని, కట్టేసింది. లోను తీరిందని రాసిన రసీదు చేతికొచ్చేదాకా ఆడపడుచు కుర్చీలోంచి లేవలేదు.

"బాకీ లేదని ఉత్తరం సోమవారం ఇస్తాం," అన్నాడు గుమాస్తా. "దాన్ని రవాణా ఆఫీసులో చూపించి, బండి మీద మా పేరు తీయించుకోండి. తర్వాతే మీ పేరుకి మార్పించుకోవచ్చు."

బయటికొచ్చాక ఆమె కుర్రాడికి స్కూలు అద్దెకు సరిపడా ఇచ్చింది. మిగిలింది పేరు మారిన రోజున ఇస్తానంది. అతను అనుకున్నదానికన్నా తక్కువే మిగిలింది. అయినా మెట్ల మీద నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు.

"ఇవాళ కంటినిండా నిద్రపోతానక్కా."

"నువ్వు నిద్రపో. ఆదివారం నా కేకెవరు మోస్తారు?"

"బండి ఇంకా నా పేరు మీదేగా. నేనే నడుపుతాను."

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. ఆడపడుచు వెనక కేకు పక్కన ఒదిగి కూర్చుంది. ముందు కూర్చున్న కేకులావిడ గుంత కనబడినప్పుడల్లా కాలు నేలకేసి నొక్కింది.

"అక్కా, ఇది స్కూలు బండి కాదు. మీవైపు బ్రేకు లేదు."

"నాకు తెలుసు. నువ్వు రోడ్డు చూడు."

వెనకనుంచి బస్సు హారను మోగుతూనే ఉంది. అతను తొందరపడలేదు. పెళ్లి హాలు ముందు ముగ్గురూ కలిసి కేకు దించి లోపలికి తీసుకెళ్లాక, అతను చేతులు దులుపుకుని, "రేపు ఆ ఉత్తరం తెచ్చుకోవడానికి ఎన్నింటికి వెళ్దామక్కా?" అని తనంతట తానే అడిగాడు.