తుంటిలో ఇనుప గుండు

మిర్యాలగూడ రైస్ మిల్లు ఈశ్వరయ్యకు మిల్లు కన్నా భార్య తుంటి మీదే గర్వం ఎక్కువ. కనకమ్మ జారిపడి తుంటి విరిగినప్పుడు, నాటుకట్టు చాలన్న అన్నదమ్ములందరినీ కాదని హైదరాబాదు తీసుకుపోయి, ఆపరేషన్ చేయించి, విరిగిన ఎముక తల స్థానంలో ఇనుప గుండు వేయించాడు మరి. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఒకటే ముచ్చట.

"కనకం, జర నడిచి సూపియ్!"

ఆమె నడవాలి. వచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టాలి. రెండేళ్లు ఇలాగే గడిచాక, 1974 ఎండాకాలంలో, కుట్లు వేసిన చోట చిన్న రంధ్రం పడి చీము కారడం మొదలైంది. కనకమ్మ ఎవరితోనూ అనలేదు. చెబితే మొగుడి పరువు పోతుంది. పరువు పోతే ఆ మహానుభావుడు ఇంట్లో ఎవరినీ బతకనివ్వడు. పాతచీర పేలికలు మడిచి పెట్టుకునేది. వీధి చివరి ఆర్ఎంపీ డాక్టరు ఇచ్చిన బిళ్లలు చాటుగా మింగేది. మింగినన్నాళ్లు జ్వరం తగ్గేది, మానితే మళ్లీ వచ్చేది.

దసరా నాటికి వాసన దాగలేదు. ఈశ్వరయ్య ఆమెను సూర్యాపేటలో ఎముకల డాక్టరు నర్సింగరావుకు చూపించాడు. ఆ కుర్ర డాక్టరు తుంటిలోకి సూది దింపి, నీరు తీసి పరీక్షకు పంపాడు. అందులో ఏమీ దొరకలేదు.

"బిళ్లలేమన్న మింగుతున్నరా అమ్మా?"

భర్త పక్కనే ఉన్నాడు. కనకమ్మ తల దించుకుంది. "ఆర్నెల్ల సంది, బిడ్డా."

"అందుకే క్రిములు దొరకలె. రెండు వారాలు బిళ్లలు బంద్ వెట్టుండ్రి. మళ్ల సూద్దాం."

ఆ రెండు వారాలూ జ్వరం ఆమెను పీల్చి పిప్పి చేసింది. ఈశ్వరయ్య పలకరించనైనా లేదు. రెండోసారి పరీక్షలో క్రిమి బయటపడింది.

"అవి ఇనుమును పట్టుకొని ఉన్నయి. మందు ఆడిదాక పోదు. గుండు తీసెయ్యాలె," అన్నాడు నర్సింగరావు. "కాలు పొట్టిగయితది, కర్ర పట్టాలె. కాని చీము ఆగుతది."

"వద్దు! ఊరోళ్లకు నేనేం జెప్పాలె? ఇంకేదన్న మందు రాయుండ్రి." ఈశ్వరయ్య ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టకుండానే విసవిసా బయటికి పోయాడు.

కనకమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. భయం కన్నా కోపమే ఎక్కువ. కాలు తనది, నొప్పి తనది, సంతకం మాత్రం ఆయనది!

"బిడ్డా, నా వేలిముద్ర చెల్లదా?"

"చెల్లుతదమ్మా."

"అయితే జల్ది ఏయించుకో. ఆయన మళ్ల లోపలికొస్తే నాకు ధైర్యం సాలది."